వంకర నవ్వు

అమ్మ నవ్వు ఎడమవైపు మొదలయ్యేది. ముందు ఎడమ చెంప మీద ఒక మడత లేచేది, ఆ పక్క కన్ను సగం మూతపడేది, పెదవి ఓ మూల పైకి తేలేది. ఇంత హడావుడి జరిగాక గానీ కుడివైపుకి కబురు అందేది కాదు. పాపం ఆ కుడివైపు తేరుకుని తానూ నవ్వుదామనుకునేసరికి జోకు పాతబడిపోయేది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడితే పై పెదవి చీలిందట. కుట్లు వేసినాయనెవరో గోనెసంచి కుట్టినట్టు కుట్టి పంపించాడట. ఆ మహానుభావుడి చేతి చలవ వల్ల అమ్మ బతికినంతకాలం వంకరగానే నవ్వింది.

అయితేనేం? ఆ ఇంట్లో పుట్టి పెరిగిన ముగ్గురు పిల్లలకీ నవ్వంటే అదే. తిన్నగా నవ్వేవాళ్ళని చూస్తే వీళ్ళేదో దాస్తున్నారని అనుమానపడేవాళ్ళు.

బయటివాళ్ళ ముందు మాత్రం ఆ నవ్వు బయటికి వచ్చేది కాదు. అమ్మకి కెమెరా అంటే చచ్చేంత సిగ్గు. ఎవరైనా ఫోన్ ఎత్తితే చాలు, చెయ్యి అడ్డం పెట్టుకునేది. తప్పించుకోలేకపోతే మూతి బిగించేసేది. ఉన్న నాలుగు ఫోటోల్లోనూ దొంగతనం కేసులో పట్టుబడిన మనిషిలా గుడ్లప్పగించి చూస్తుంటుంది. నవ్వుతున్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఈ లోటు అందరికంటే ఎక్కువ బాధపెట్టింది చిన్నదాన్ని. ఇంట్లో ఆఖరిది కాబట్టి చిన్నది. నలభై దాటి, చెంపల దగ్గర జుట్టు నెరిసినా చిన్నదే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదనేది. అక్క దూరంగా ఎక్కడో కాపురం ఉంది. అన్న రెండు వీధుల అవతల పెళ్ళాం బిడ్డలతో ఉంటాడు. అమ్మతో ఉన్నది చిన్నది ఒక్కతే, మేడ మీది రెండు గదుల ఇంట్లో.

చిన్నది పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. అద్దాలు బిగించాక కళ్ళజోడుని మనిషి మొహానికి అమర్చడం ఆమె పని. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా ముక్కులూ చెవులే లోకం. ఒకరికి ఎడమ చెవి ఎత్తు, ఒకరికి కుడి కన్ను లోతు, ఒకరికి ముక్కు పుట్టుకతోనే పక్కింటి వైపు తిరిగి ఉంటుంది. ఫ్రేము కాడని కాస్త వేడి చేసి, ఈ పక్క ఓ పిసరు, ఆ పక్క ఓ పిసరు వంచి పెడితే కళ్ళజోడు కుదురుగా కూర్చుంటుంది. తిన్నని మొహం అనేది లోకంలో లేదని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ చేత్తో పట్టుకుని చూస్తున్నదే కదా.

ఒకరోజు డాక్టరు అమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత చిన్నదాన్ని పక్కకి పిలిచి, "గుండె బాగా అలిసిపోయిందమ్మా. సంతోషంగా ఉంచండి" అన్నాడు. సంతోషంగా ఉంచమని డాక్టర్లు ఎప్పుడంటారో అందరికీ తెలుసు. ఇంటికొస్తూ దారంతా చిన్నది ఒక్కటే అనుకుంది, ఈ మనిషి పోతే ఆ నవ్వు ఎక్కడ దొరుకుతుంది? ఫోటోకి దొరకనిది కుంచెకి దొరుకుతుందేమో. చేతిలో కాస్త గీత ఉంది. దుకాణంలో ఖాళీ దొరికితే అట్టముక్కల మీద గిరాకీల ముక్కులు గీసి తోటివాళ్ళని నవ్వించేది. రంగుల్లో, ఒక్కసారి, అమ్మ నవ్వుతుండగా పట్టుకోవాలి. అంతే. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

అలా బొమ్మలు నేర్పే మాస్టారి దగ్గర చేరింది. అక్కడే పడింది ముడి.

మాస్టారి బడి టైర్ల దుకాణం పైన. మెట్లెక్కుతుంటే సగం దాకా రబ్బరు వాసన, అక్కణ్ణించి రంగుల్లో కలిపే అవిసె నూనె వాసన. గోడకి నడిమధ్య ఒకే ఒక్క బొమ్మ. ఐదారు వందల ఏళ్ళ కిందట, ఇటలీలో చిత్రకళ వెలిగిపోయిన పునరుజ్జీవన కాలంలో, ఓ పెద్ద చిత్రకారుడు వేసిన స్త్రీ. ఒక భుజం ముందుకి, మొహం మూడొంతులు ఇటు, రెప్పలు వాల్చి, పెదవుల మీద ఉందా లేదా అన్నట్టు చిరునవ్వు. అసలు బొమ్మ ఏదో దేశం మ్యూజియంలో ఉంది. మాస్టారు వయసులో ఉండగా అక్కడికి వెళ్ళి, అనుమతి తీసుకుని, దాని ఎదురుగా నిలబడి నకలు వేసుకొచ్చారు. ఆయన జీవితంలో చేసిన ఘనకార్యం అదే. ఆ తర్వాత చేసిందల్లా ఆ ఘనకార్యం గురించి చెప్పుకోవడం.

"అసలుదాన్నీ దీన్నీ పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా తేడా కనిపెట్టలేదు" అనేవారు.

చేరిన ప్రతివాళ్ళూ ఆ నకలుకి నకలు వెయ్యాలి. గళ్ళు గీసి, ముక్కుతో మొదలుపెట్టి, కళ్ళు, చెంపలు, ఆఖరికి మూతి. అది కుదిరేదాకా ఇంకో మొహం జోలికి పోకూడదు. విద్యార్థుల్లో ఒకాయన రిటైరైన పోస్ట్‌మాస్టరు. గోడ మీది ఆవిడకి దొరసాని అని పేరు పెట్టింది ఆయనే. ఎంత జాగ్రత్తగా వేసినా ఆయన దొరసాని పాత పైఅధికారిలా తేలేది. "ముప్పై ఏళ్ళు చీవాట్లు తిన్న మొహం కదండీ, చెయ్యి మరిచిపోవట్లేదు" అని వాపోయేవాడు. అందరూ పకపకా నవ్వేవాళ్ళు, మాస్టారు తప్ప.

మాస్టారి పద్ధతిలో రెండు విషయాలకి తిరుగులేదు. ఒకటి పచ్చపూత. మొహానికి చర్మం రంగు వెయ్యబోయే ముందు అడుగున పలచగా ఆకుపచ్చ రంగు పుయ్యాలి. అది ఆరాక పైన గులాబి, తెలుపు పొరలు పొరలుగా వేస్తే బుగ్గల్లో నెత్తురు కదిలినట్టుంటుంది. ఆ కాలపు చిత్రకారులు అలాగే వేసేవారు. రెండోది బొటనవేలు. మూతి చివర్లు కుంచెతో వదలకూడదు. రంగు తడిగా ఉండగానే బొటనవేలితో మెల్లగా రుద్ది పొగలా కలిపెయ్యాలి. నవ్వు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో చూసేవాడికి తెలియకూడదు.

"మూతి చివర గీత మిగిలిందో, నా దగ్గర నేర్చుకున్నానని ఎక్కడా చెప్పకండి" అనేవారు.

చిన్నది నోట్లో నాలుక లేని మనిషి కాదు. మొదటి నెలలోనే అడిగేసింది. "మాస్టారూ, నేను మా అమ్మ బొమ్మ వేద్దామని వచ్చానండీ. ఎప్పుడు మొదలుపెట్టమంటారు?"

ఆయన కళ్ళజోడు మీదుగా చూశారు. "అమ్మాయ్, నడక రాకుండానే పరుగా? ముందు ఆ చిత్రకారుడి చెయ్యి నీ చేతిలోకి రావాలి. తర్వాత నువ్వు ఎవరి మొహం వేసినా పలుకుతుంది."

"అమ్మకి ఒంట్లో బాగాలేదండీ."

"అందుకే చెప్తున్నా. ఒక్కసారి దొరికే మొహాన్ని చేతకాని చేత్తో ముట్టుకుంటావా?"

ఆ మాట బాణంలా దిగింది. ఎందుకంటే అందులో ఎంతో కొంత నిజముంది. సగం నిజం చెప్పేవాళ్ళతోనే చిక్కు, కాదనలేం. చిన్నది తల వంచుకుని వెళ్ళి దొరసాని ముక్కు ముందు కూర్చుంది.

కూర్చుంటే కూర్చుంది గానీ, లేచే దారి కనబడలేదు. ఒక దొరసాని అయింది. "రెప్ప బరువు చాల్లేదు, మళ్ళీ" అన్నారు. ఇంకొకటయింది. "మూతి మొండికేసింది, మళ్ళీ" అన్నారు. ఏడాది తిరిగిపోయింది. ఇల్లంతా దొరసానులే. తలుపు వెనక ఒకరు, బీరువా మీద ఒకరు, మంచం కింద ఇద్దరు, అందరూ రెప్పలు వాల్చుకుని.

అమ్మ వంటింట్లోంచి ఓ చూపు విసిరి, "ఇంతమంది ఆడవాళ్ళున్నారు, ఒక్కత్తయినా లేచి గిన్నె కడగదేమే!" అనేది. అని నవ్వేది, ఎడమవైపు నుంచి. చిన్నదానికి చెయ్యి దురద పుట్టేది. ఇప్పుడే, ఈ క్షణమే వెయ్యాలనిపించేది. మళ్ళీ మాస్టారి మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి పోయేది.

"ఆవిడ మూతి ఎన్నిసార్లు వేస్తావే? మనకేమైనా చుట్టమా?" అనేది అమ్మ.

"నీకోసమేనమ్మా. ఆవిడది వస్తే నీది వస్తుంది."

"నాది రావడానికి ఆవిడెందుకే, నేనిక్కడే ఉన్నా కదా" అనేది అమ్మ. చదువుకోని మనిషి మాట అని చిన్నది చెవిన పెట్టలేదు.

రెండో ఏడు నడుస్తుండగా అమ్మని ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఇంటికి తీసుకొచ్చేసరికి మనిషి సగమైంది. మేడ మెట్లు అన్న ఎత్తుకుని ఎక్కించాడు. ఆ సాయంత్రం చిన్నది మాస్టారి దగ్గరికి వెళ్ళలేదు. కిటికీ పక్కన పేము కుర్చీ వేసి, అమ్మని కూర్చోబెట్టి, కొత్త కాన్వాసు ముందు నిలబడింది. ఎవరి అనుమతీ అడగలేదు. అడగనందుకు రెండుసార్లు గుమ్మం వైపు చూసుకుంది. నలభై ఏళ్ళు దాటిన ఆడది తన కన్నతల్లి బొమ్మ తను వెయ్యడానికి దొంగతనం చేస్తున్నట్టు బెదరడం చూస్తే నాకైతే ఒళ్ళు మండుతుంది.

మొదటి తప్పు అక్కడే జరిగింది. పచ్చపూత ఎవరికోసం? గులాబి బుగ్గల దొరసానికోసం. అమ్మది చామనచాయ కూడా కాదు, నల్లటి నలుపు, వక్కపొడి రంగు. ఆ నలుపుకి అడుగున ఎరుపో గోధుమరంగో ఉండాలి. కానీ దొరసానికి ఏది ముందు వేసిందో అమ్మకీ అదే ముందు వేసింది చిన్నది. ఆలోచించి వెయ్యలేదు. కాఫీ కలిపే చెయ్యి పంచదార డబ్బా వైపు పోయినట్టు పోయింది. అది ఆరాక పైన గోధుమరంగు వేస్తే బురదైంది. మొహం చచ్చిన మొహంలా కనబడి హడలిపోయి, కాస్త తెలుపు కలిపింది. బతికింది. ఇంకాస్త కలిపింది. ఇంకా బతికింది. బతికించాలన్న ఆరాటంలో అమ్మ రోజురోజుకీ తెల్లబడిపోతోందని గమనించలేదు.

బొమ్మ పూర్తయ్యేదాకా కూర్చున్న మనిషి చూడకూడదన్నది కూడా మాస్టారి నియమమే. అందుకని అమ్మకి చూపించలేదు.

మూతి మాత్రం ఖాళీగా ఉంచింది. "నవ్వమ్మా" అంటే, "నవ్వమంటే వస్తుందటే? ఏదైనా చెప్పు" అనేది అమ్మ. చిన్నదానికి చప్పున ఏమీ తోచేది కాదు.

ఒక ఆదివారం ఉదయం అన్న వచ్చాడు. ముందు రోజే కొత్తగా మీసానికి రంగు వేయించుకున్నాడు. జుట్టు నెరిసే ఉంది, మీసం మాత్రం నిగనిగలాడుతోంది. గుమ్మంలో నిలబడి, "ఎలా ఉందమ్మా ఒంట్లో?" అన్నాడు.

అమ్మ ఎగాదిగా చూసింది. "నాకేం, బాగానే ఉన్నా. నువ్వేంట్రా, బొగ్గుల బస్తాలో మూతి పెట్టొచ్చావు?"

అన్న మొహం మాడిపోయింది. అది చూసి అమ్మకి నవ్వాగలేదు. ఎడమ చెంప మీద మడత లేచింది, కన్ను మూతపడింది, పెదవి మూల పైకి తేలింది. చిన్నది కుంచె అందుకుంది. అమ్మ తేరుకోవడం, అన్న మీసం తడుముకోవడం, అది చూసి అమ్మ మళ్ళీ అందుకోవడం. ఆ కాసేపూ చిన్నదాని చేతిలో ఏ చిత్రకారుడూ లేడు, మాస్టారూ లేరు, దొరసానీ లేదు. కళ్ళజోడు అమర్చినట్టే అమర్చింది. ఈ పక్క పిసరంత పైకి, ఆ పక్క అలాగే బద్ధకంగా. ఎడమ మూల ఒక ముదురు గీత, కుట్టు పడ్డ చోట చిన్న నొక్కు. వెనక్కి జరిగి చూసింది. రంగు సంగతి ఎలా ఉన్నా, మూతి దగ్గర అమ్మ నవ్వుతోంది. నిజంగా నవ్వుతోంది! చిన్నది కళ్ళు తుడుచుకుంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు. ఆగలేదు. మాస్టారు చూసి తల ఊపితే తప్ప తన కళ్ళని తను నమ్మలేకపోయింది. రెండేళ్ళు ఒకరి ముందు కూర్చుని లేచినవాళ్ళ గతి అదే. రంగు తడి ఆరకముందే ఫోన్ చేసి, "ఒక్కసారి రండి మాస్టారూ, మీ చెయ్యి పడ్డ విద్య" అని బతిమాలింది.

ఆయన ఆ సాయంత్రమే వచ్చారు. అమ్మ అదే పేము కుర్చీలో, అదే కిటికీ పక్కన కూర్చుని ఉంది. నమస్కారం పెట్టింది. ఆయన గాలికి నమస్కారం పెట్టి నేరుగా కాన్వాసు ముందుకి వెళ్ళారు. చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు.

"ఫరవాలేదు" అన్నారు. "రెప్పలు బాగా వచ్చాయి. దొరసాని రెప్పలే. మెడ తిప్పడంలో మన బడి చెయ్యి కనబడుతోంది."

చిన్నది పొంగిపోయింది. అమ్మ ఎప్పుడూ రెప్పలు వాల్చి కూర్చోలేదని, కళ్ళలోకి సూటిగా చూసే మనిషని ఆ నిమిషాన గుర్తు రాలేదు.

"ఇక్కడే, ఇక్కడ పాడుచేశావు" అన్నారు. "మూతి చివర గీత మిగిల్చావు. వంకరపోయింది కూడా. ఏం చెప్పానమ్మాయ్ నేను?"

"అది... అమ్మ నవ్వు అలాగే ఉంటుందండీ."

"అందరి మూతులూ ఎలాగోలా ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు వెయ్యడానికి కెమెరా ఉందిగా? మనమెందుకు?"

చిన్నది ఇంకేదో అనబోయింది. ఈలోగా ఆయన బొటనవేలు ఆ మూల మీద పడింది. ఒక్క రుద్దుడు. మళ్ళీ కుంచె నూనెలో ముంచి కుడివైపు కాస్త ఎత్తి, ఎడమవైపు కాస్త దించి, మళ్ళీ బొటనవేలు. చేయి తిరిగిన మనిషి కదా, క్షణంలో అయిపోయింది. పెదవుల మీద ఉందా లేదా అన్నట్టు చిరునవ్వు తేలింది.

మనిషి రెండు గజాల దూరంలో కూర్చుని ఉంది. కాస్త తల తిప్పితే కనబడుతుంది. ఆయన ఒక్కసారైనా అటు తిరగలేదు. ఊపిరితో ఉన్న మొహం ముందు నిలబడటం ఆయనకి ఎప్పుడూ అలవాటు లేదని, జీవితంలో వేసింది ఆ ఒక్క దొరసానినేనని చిన్నదానికి అప్పుడు తట్టింది. తట్టినా నోరు పెగల్లేదు. పైగా, ఇదే అన్నిటికంటే చేదు, బొమ్మ ఇప్పుడు ఎక్కువ అందంగా ఉందనిపించింది. నిజం బొమ్మలా ఉందనిపించింది.

"థాంక్సండీ మాస్టారూ" అంది. అవును, అదే అంది.

ఆయన వెళ్ళాక అమ్మ అంది, "మీ మాస్టారికి నా మొహం నచ్చలేదేమోనే. వచ్చిందగ్గర్నించి ఒక్కసారి కూడా చూడలేదు." తర్వాత అడిగింది, "ఇప్పుడైనా చూపిస్తావా?"

చిన్నది కాన్వాసు ఇటు తిప్పింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగి చూసింది. ముచ్చటపడుతున్నట్టే చూసింది.

"ఎవరే ఈవిడ? తెల్లగా, చక్కగా ఉంది. దొరసాని చెల్లెలా?"

"నువ్వేనమ్మా."

అమ్మ చెయ్యి మెల్లగా లేచి పై పెదవి మీది కుట్టు దగ్గరికి వెళ్ళింది. అక్కడ వేలు పెట్టి తడిమి చూసుకుంది, ఇంకా ఉందా లేదా అన్నట్టు. "బాగుంది" అంది. "చాలా బాగుంది. మరి నన్నెప్పుడు వేస్తావు?"

ఎత్తిపొడుపు కాదది. అమ్మకి ఎత్తిపొడవడం రాదు. నిజంగానే అడిగింది. ఎత్తిపొడిచినా బాగుండేది, చిన్నది పడేది.

"ఆరనీ అమ్మా. ఆరగానే మూతి మళ్ళీ వేస్తాను. నీది నీకు తెచ్చిపెడతాను."

నూనె రంగులతో వచ్చిన తంటా అది. కింది పొర ఆరకుండా పైన ఇంకోటి వేస్తే ముందుముందు పగుళ్ళు వస్తాయి. అది కూడా మాస్టారు నేర్పిందే. మాస్టారు వాడిన నూనె ఎక్కువేమో, మిగతా మొహమంతా ఆరిపోయినా మూతి ఆరలేదు. రోజూ దుకాణానికి వెళ్ళేముందు చిటికెన వేలితో ముట్టుకుని చూసేది. జిగురుగా అంటుకునేది. రేపు చూద్దాం అనుకునేది. తుడిచిపారేసి కొత్తగా వెయ్యవచ్చు కదా అని మీరంటారు. వెయ్యవచ్చు. కానీ తుడవాల్సింది మాస్టారి చెయ్యి పడ్డచోటు. ఆ ధైర్యం చాల్లేదు. ఆరితే దాని మీద వేసుకోవచ్చు, ఎవరినీ చెరిపినట్టుండదని కళ్ళు కాయలు కాచేలా కాచుకుని కూర్చుంది.

అమ్మ కాచుకోలేదు. ఒక మధ్యాహ్నం భోజనం చేసి, పేము కుర్చీలో కునుకు తీస్తున్నట్టే వెళ్ళిపోయింది. కబురు తెలిసి దుకాణం నుంచి పరిగెత్తుకొచ్చిన చిన్నది గదిలో కుప్పకూలి, పడిపోకుండా ఆపుకోబోయి కాన్వాసు మీద చెయ్యి వేసింది. వేలి కొసకి తగిలిన మూతి ఇంకా తడిగానే ఉంది.

అన్నీ అయిపోయాక అన్న ఆ బొమ్మకి మంచి చట్రం కట్టించి ముందుగది గోడకి తగిలించాడు. వచ్చినవాళ్ళందరూ దాని ముందు ఆగి నోరెళ్ళబెట్టారు. "అత్తయ్య ఎంత కళగా ఉన్నారో" అని వదిన కళ్ళొత్తుకుంది. అక్క దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని, "అమ్మ అచ్చం ఇలాగే ఉండేది కదే" అంది. చిన్నది అవుననలేదు, కాదనలేదు. ఏడుస్తున్నవాళ్ళ దగ్గర తగువెందుకు? మాస్టారి బడికి మళ్ళీ వెళ్ళలేదు.

కొన్నాళ్ళకి అన్న వచ్చి, "నాకూ ఒకటి వేసిపెట్టవే. మా ఇంట్లో పెట్టుకుంటాను. రోజూ అమ్మని చూసుకోవాలని ఉంటుంది" అన్నాడు. పాపం నిజంగానే అడిగాడు.

చిన్నదానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంకో అవకాశం! ఈసారి ఎవరినీ పిలవదు, ఎవరికీ చూపించదు. పచ్చపూత వెయ్యలేదు. అడుగున ఇటుక ఎరుపు వేసి, పైన అమ్మ నలుపు అమ్మకి ఇచ్చింది. రెప్పలు ఎత్తింది. మూతి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. దుకాణంలో గిరాకీలకి చూపించే చేతి అద్దం ఇంటికి తెచ్చుకుంది. దాని ముందు కూర్చుని అమ్మ అన్న మాటలు పైకి అనుకుంది. బొగ్గుల బస్తాలో మూతి పెట్టొచ్చావు. ఒక్కత్తయినా లేచి గిన్నె కడగదేమే. అంటూ ఎడమ చెంప ఎత్తి, కన్ను మూసి, కుడివైపుని బద్ధకంగా వదిలేసి, అమ్మ నవ్వుని తన మొహం మీద వేసుకుంది. చాలాసార్లు కుదరలేదు. ఓ ఉదయం కుదిరింది. చప్పున కుంచె అందుకుని ఎడమ మూల ముదురు గీత, కుట్టు దగ్గర నొక్కు వేసేసింది. వెనక్కి జరిగి చూసి, "వచ్చావా" అంది.

ఆ ఉదయమే, తడి ఆరకముందే, బొమ్మ ఎంతవరకూ వచ్చిందో చూద్దామని అన్న వచ్చాడు. చూడగానే మొహం ముడుచుకున్నాడు.

"ఇదేంటే?"

"అమ్మ."

"అమ్మేంటి? ఇంత నల్లగా ఉండేదా అమ్మ? సరే, రంగు సంగతి వదిలెయ్. మూతేంటే అలా పెట్టావు? చూసినవాళ్ళు పక్షవాతం అనుకుంటారు. పిల్లలు జడుసుకుంటారు."

"అన్నయ్యా, అమ్మ నవ్వు అదే కదా! ఎడమవైపు మొదలయ్యేది. మర్చిపోయావా?"

"కొద్దిగా ఉండేదేమోలే. ఇంతా?" ఫోన్ తీసి పాత ఫోటో చూపించాడు. మూతి బిగించుకుని, గుడ్లప్పగించి అమ్మ. "చూడు. తిన్నగా లేదూ?"

"అందులో అమ్మ నవ్వట్లేదు కదరా!" కోపంలో చిన్నప్పటి పిలుపు వచ్చేసింది. "నీ మీసానికి రంగేసుకొచ్చిన రోజు గుర్తు తెచ్చుకో. బొగ్గుల బస్తా అంది. ఎలా నవ్విందో నీ కళ్ళతో చూశావు. నువ్వు గుమ్మంలోనే ఉన్నావు."

"ఎందుకు గుర్తులేదు? చచ్చేదాకా మర్చిపోను ఆ నవ్వు." అన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యెత్తి గోడ మీది బొమ్మ చూపించాడు. "ఇదిగో, అచ్చం ఇలాగే నవ్వింది. ఎంత బాగా వేశావే ఇది! నువ్వే వేసి నువ్వే కాదంటావేంటి?"

చిన్నది అటూ ఇటూ చూసింది. గోడ మీద ఆవిడ తెల్లగా, రెప్పలు వాల్చి, ఉందా లేదా అన్నట్టు నవ్వుతోంది. ఇటు కాన్వాసు మీద నల్లటి మనిషి ఒక పక్క మూతి ఎత్తి, సూటిగా చూస్తోంది. ఎవరు నిజం? తను అద్దంలో చూసుకుని వేసింది అమ్మ మూతా, తన మూతా? కళ్ళు గట్టిగా మూసుకుంది. అమ్మని రమ్మంది. బొగ్గుల బస్తా అని అనిపించుకుంది. మాట వినిపించింది. మనిషి కోసం వెతికింది, వెతికింది. వచ్చింది గోడ మీది ఆవిడ.

మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ ఆవిడే.

"సరిచెయ్యవే" అన్నాడు అన్న, బుజ్జగిస్తున్నట్టు. "నీకెంత సేపు?"

నిజమే, ఎంత సేపు? ఆ పని ఆమెకి నేర్పినట్టు లోకంలో ఇంకెవరికీ నేర్పి ఉండరు. చిన్నది కాన్వాసు దగ్గరికి వెళ్ళింది. ఎడమ మూల గీత మీద బొటనవేలు పెట్టింది. ఒక్క క్షణం అలాగే ఉంచింది, తడి తగిలింది. తర్వాత మెల్లగా రుద్దింది.

"ఆఁ, ఇప్పుడు మా అమ్మలా ఉంది" అన్నాడు అన్న.